ఓనరమ్మ నుడికట్టు

బెంగళూరు హూడిలో మేమున్న వీధిలో ఆదివారం పొద్దున ఎవరి సరదా వాళ్ళది. మా పై వాటాలో ఉండే కుర్రాళ్ళు గిటారు తీస్తారు. ఎప్పటి నుంచి నేర్చుకుంటున్నారో గానీ, పాట మొదటి ముక్క దాటకుండానే ఆగి మళ్ళీ మొదటికొస్తారు. ఎదురింటావిడ మేడ మీద కుండీలకు నీళ్ళు పోస్తూ, మొక్కలతో కన్నడంలో కబుర్లు చెబుతుంది. మా అమ్మాయి సోఫాలో తలకిందులుగా పడుకుని రంగుల క్యూబు తిప్పుతుంది. మా ఆవిడ వారమంతా ఆసుపత్రి ల్యాబులో నిలబడి నిలబడి వస్తుంది కాబట్టి, ఆదివారం కాళ్ళు చాపుకుని ఏదో ఒక హత్యల సీరీసు చూడాల్సిందే. మొదటి హత్య జరిగేదాకా ఎవరూ ఆమెను పలకరించకూడదు.

నాకు గళ్ళ నుడికట్టు. అదే, తెలుగు క్రాస్‌వర్డు. ఒంగోలులో ఇంటర్ చదివే రోజుల్లో పట్టుకున్న అలవాటు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో పడి బెంగళూరొచ్చినా వదల్లేదు. ఫోనులో కూడా దొరుకుతాయి గానీ, పెన్సిల్ చెవి మీద పెట్టుకుని ఆలోచించే సుఖం అందులో లేదు. మా వైపు తెలుగు పేపరు తెప్పించేది రైల్వే స్టేషను దగ్గరి ఒకే ఒక్క అంగడి. ఆలస్యంగా వెళితే అయిపోతుంది. అందుకని ఆదివారం మాత్రం నేను ఎవరూ లేపకుండానే లేస్తాను. పేపరు తెచ్చుకుని, మా వాటాకీ కింది వాటాకీ మధ్య మెట్లు మలుపు తిరిగే చోట కూర్చుంటాను. పొద్దుటి ఎండ అక్కడికి నేరుగా వస్తుంది. ఇంట్లో కూర్చుంటే సీరీసులో పోలీసుల సైరన్లు.

ఒక ఆదివారం ఒక మాట నాకు గట్టిగా అడ్డం పడింది. అప్పుడే కింది నుంచి ఓనరమ్మ వచ్చింది.

మా ఇంటి యజమానురాలి గురించి చెప్పాలి. పొడుగాటి మనిషి. నడుముకు తాళాల గుత్తి. నీళ్ళ ట్యాంకరు మోటారు నడుస్తున్నా దాని మీద నుంచి వినబడే గొంతు. వాళ్ళది కోలారు వైపు తెలుగు కుటుంబం, తరాలుగా ఇక్కడే. అద్దెకున్న వాళ్ళందరి విషయాలూ ఆమెకు కావాలి. అలాగని చాడీలు చెప్పే మనిషి కాదు. ఏదైనా మొహం మీదే అడిగేస్తుంది.

"ఏమప్పా, ఆదివారం గూడా ఆఫీసు పనేనా?" అంది.

"ఆఫీసు పని కాదాంటీ, పజిల్. మాటలు కనుక్కుని ఈ గళ్ళల్లో నింపాలి."

"ఓహో, పదబంధ! మా ఇంటాయన దినామూ కన్నడం పేపర్లో చేస్తాడే, అదే గదా. తెలుగులో గూడా ఉండాదా ఇది?" అని వంగి పేపర్లోకి చూసింది. "ఇవి మా కన్నడం అక్షరాల మాదిరే ఉండాయి గదప్పా. నెత్తిన ముల్లు గుచ్చినట్టు ఉండాది, అంతే."

మన తలకట్టు గురించి అంత సరిగ్గా చెప్పినవాళ్ళను నేను అంతకు ముందు చూడలేదు. చదవమని పేపరు అందించబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"మాకు మాట్లాడేది తెలుగు, చదివేది కన్నడం. నువ్వే చదువు, వింటాను."

చదివాను. "దున్నడానికి వాడేది. మూడక్షరాలు. ముందు నాగలి అనుకున్నానాంటీ, కుదరలేదు. హలము కూడా కుదరలేదు. నిలువు మాట 'మర్యాద' ఖాయం, కాబట్టి ఇది కూడా 'మ'తోనే మొదలవ్వాలి."

ఆమె ఒక్క క్షణం కూడా ఆగలేదు. "మడక!" అని వీధంతా వినబడేలా అరిచింది. "మడకప్పా, మడక! ఎద్దులకు మడక కట్టి దున్నేది చూడలేదా నువ్వు?"

మ, డ, క. గళ్ళల్లో అమరిపోయింది. దాని నుంచి ఇంకో రెండు నిలువు మాటలు వాటంతటవే తెలిశాయి. నాకు నవ్వాగలేదు. ఆమె అయితే పేకాటలో ఆట తిప్పేసినదానిలా తాళాల గుత్తి పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుంది. "ఇంకోటి చదువు" అంది.

ఆ పూట పజిల్ అయిపోయేసరికి మా ఆవిడ టిఫిను చల్లారిపోతోందని తలుపు దగ్గరికి వచ్చి చూసింది. మెట్ల మీద నేనూ ఓనరమ్మా తల తలా ఆనించి 'ఇల్లాలు' సరిపోతుందా 'అర్ధాంగి' సరిపోతుందా అని వాదించుకుంటున్నాం.

"బాగుంది. ఇన్నాళ్ళూ ఒక్కరికే ఈ పిచ్చి అనుకున్నాను" అని లోపలికి వెళ్ళిపోయింది.

తరవాతి ఆదివారం నేను మెట్ల మీదికి వచ్చేసరికి ఓనరమ్మ అప్పటికే అక్కడుంది. పక్కన రెండు గ్లాసుల కాఫీ. ఇక అది అలవాటైపోయింది.

ఆమెతో ఆడటంలో ఒకే ఇబ్బంది. జవాబు తెలిస్తే కడుపులో దాచుకోలేదు. నేను ఆధారం చదవడం పూర్తి చేయకముందే అరిచేస్తుంది. తప్పయినా అంతే ధైర్యంగా అరుస్తుంది. ఆ గొంతుకు పై వాటా గిటారు కూడా ఆగిపోయేది. నేను నవ్వేవాడిని. వాళ్ళాయన మాత్రం దీన్ని నవ్వులాటగా తీసుకోలేదట. ఆ సంగతి ఆమే చెప్పింది.

ఆయన జిగణిలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. హూడి నుంచి జిగణికి కంపెనీ బస్సులో పోయి రావడమంటే ఈ ట్రాఫిక్కులో సగం జీవితం బస్సులోనే. ఆ సీట్లో కూర్చుని కాలం గడపడానికి కన్నడ పేపర్లో పదబంధ మొదలుపెట్టాడు. ఇప్పుడు బస్సు లేదు గానీ పదబంధ ఉంది. పొద్దున్నే వరండాలో కుర్చీ వేసుకుని, పెన్నుతో, ఒక్క కొట్టివేత లేకుండా, మూతి బిగించి నింపుతాడు.

"పెళ్ళైన కొత్తల్లో నేను గూడా పక్కన కూర్చున్నానప్పా" అంది ఓనరమ్మ. "ఒకటి చెప్పినాను, రెండు చెప్పినాను, ఊరకుండాడు. మూడోది చెప్పేసరికి పేపరు మడుచుకుని లోపలికి పోయినాడు. 'అన్నీ నువ్వే చెప్తే నేను చేసేదేముండాది?' అంటాడు. అప్పటి నుంచీ ఆ పేపరు దగ్గరికి నన్ను రానీడు."

బాధగా ఏమీ చెప్పలేదు, నవ్వుతూనే చెప్పింది. కానీ ఆ తరవాత వచ్చిన జవాబును మాత్రం అరవకుండా మెల్లగా చెప్పింది.

తెలుగు అక్షరాలు నేర్చుకుంటానని పట్టుబట్టింది కూడా ఆమే. నేను ఆధారం చదివేదాకా ఆగడం ఆమె వల్ల కాలేదు మరి. కన్నడం వచ్చినవాళ్ళకు తెలుగు అక్షరాల్లో సగం చుట్టాలే. క, త, శ లాంటివి కాస్త మొండికేశాయి. మా అమ్మాయి బళ్ళో కన్నడం చదువుతుంది, తెలుగు రాయడం అంతంత మాత్రం. దాన్ని కూడా కూర్చోబెట్టాను. ఇద్దరూ ఒకరి తప్పులు ఒకరు పట్టుకుంటూ నాకంటే వేగంగా నడిచారు. మా ఆవిడకు అమ్మాయి తెలుగు చదవడం సంతోషమే గానీ పైకి ఒప్పుకోలేదు. "మీ క్లాసులో ఫీజు లేదుగా?" అని మాత్రం అడిగింది.

ఒక రోజు మాటల్లో నేను బెంగళూరు వచ్చిన కొత్తల సంగతి చెప్పాను. అప్పట్లో నాకు కన్నడం అసలు రాదు. బస్సు బోర్డు మీద ఇంగ్లీషులో 'వర్తూరు కోడి' అని చూసి, అక్కడ కోళ్ళ సంత జరుగుతుందేమో అనుకున్నాను. ఒక ఆదివారం నాటుకోడి కొందామని సంచీ పట్టుకుని బస్సెక్కి అక్కడ దిగాను కూడా. ఎటు చూసినా వాహనాలే. కోడి ఈక కూడా లేదు. ఎవరినో అడిగితే కన్నడంలో ఏదో చెప్పి చెరువు వైపు చెయ్యి చూపించాడు. కోళ్ళు చెరువులో ఎందుకుంటాయో అర్థం కాక తిరిగొచ్చేశాను.

ఓనరమ్మ నవ్వి నవ్వి తాళాల గుత్తి జారవిడుచుకుంది. "చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే జాగా ఉంటుంది గదా, దాన్ని కన్నడంలో కోడి అంటారప్పా! సంచీ గూడా తీసుకుని పోయినావా?"

అప్పుడు ఆమె తన కథ చెప్పింది. చిన్నప్పుడు కన్నడం స్నేహితురాలిని వెంటబెట్టుకుని చిత్తూరు వైపు చుట్టాల పెళ్ళికి వెళ్ళిందట. అక్కడ ఎవరో "మగవాళ్ళంతా కల్లు తాగను పోయినారు" అన్నారు. ఆ పిల్ల బిత్తరపోయి, "మీ వాళ్ళు రాళ్ళు ఎలా తాగుతారే?" అని అడిగింది. కన్నడంలో కల్లు అంటే రాయి.

మా అమ్మాయి తక్కువ తిందా? దానికి మూడేళ్ళప్పుడు ప్లేస్కూలంటే ప్రాణం. ఇంటికి తీసుకొచ్చేటప్పుడు "బడి, బడి" అని గేటు పట్టుకుని ఏడ్చేది. అక్కడి ఆయాకు కన్నడం తప్ప రాదు. కన్నడంలో బడి అంటే కొట్టు అని. పిల్ల ఎవరినో కొట్టమంటోందని ఆమె నన్ను అనుమానంగా చూసేది.

ముగ్గురం ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నాక, ఓనరమ్మ ఉన్నట్టుండి వేలెత్తింది.

"ఏమప్పా, ఇట్లాంటి మాటలతోనే మనమే ఒక పదబంధ చేస్తే? ఒకే మాట. తెలుగులో ఒక అర్థం, కన్నడంలో ఇంకో అర్థం. ఆధారాలు రెండు, గడులు అవే."

ఆలోచన వినగానే నా ఒళ్ళు పులకరించింది. నిజంగానే. ఆఫీసులో ఏ ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడూ నాకు అలా అవలేదు.

మాటలు పోగెయ్యడం సులువైంది. ఊట: మనకు బావిలో ఊరే నీరు, వాళ్ళకు భోజనం. హాలు: మనకు ముందు గది, వాళ్ళకు పాలు. కుడి: మనకు ఎడమ కానిది, వాళ్ళకు తాగు అని. మాట అంటే వాళ్ళకు చేతబడి అని తెలిసినప్పుడు నాకు భయం వేసింది. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఎంతమందితో "ఒక మాట" అన్నానో.

వాటిని గళ్ళల్లో ఒకదానికొకటి తగిలించడం మాత్రం చుక్కలు చూపించింది. రెండక్షరాల మాటలు దొరికినంతగా పెద్దవి దొరకవు. ఊట, మాట ఒక 'ట' దగ్గర కలుస్తాయి సరే, వాటిని మిగతావాటితో కలిపేదెలా? పిండి మర దగ్గర, కూరగాయల బండి దగ్గర, ఎక్కడ కనిపించినా ఓనరమ్మ నాకు ఒక మాట చెప్పి వెళ్ళేది. చివరికి ఆమే దారి చూపింది. రెండు భాషల్లో ఒకటే అర్థం ఉన్న మాటలు, తోట, కాలు, అడవి లాంటివి, అక్కడక్కడ వంతెనల్లా వేశాం. గడి నిలబడింది.

ఆధారాలు రాసే పని ఆమెకే వదిలాను. రెండు భాషల్లోనూ ఆమే రాసింది. 'సాకు' అన్న మాటకు రాసింది చదివి నేను తల పట్టుకున్నాను. కన్నడంలో సాకు అంటే చాలు. అందుకని కన్నడ ఆధారం, "ఇంకోసారి వడ్డించబోతే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి అనేది" అని ఉంది. దాని కింద తెలుగు ఆధారం: "కూరగాయలకు పొమ్మంటే మా ఇంటాయన నోట్లోంచి వచ్చేది."

"ఆంటీ, ఇది అంకుల్ చూస్తే?"

"చూడనీ. అబద్ధమేమన్నా రాసినానా?"

దీన్ని నలుగురి ముందూ పెట్టే అవకాశం వినాయక చవితికి వచ్చింది. మా వీధిలో ఏటా చిన్న పందిరి వేస్తారు, సాయంత్రం ఆటల పోటీలు పెడతారు. ఆ సంవత్సరం కుర్చీలాట, గోనెసంచి పరుగు, చెంచాలో నిమ్మకాయ అన్నీ అనుకున్నారు. మా గడిని చివర్లో, ఓపికున్నవాళ్ళకు అని ఒక మూల పెట్టారు. సరిగ్గా ఆటలు మొదలయ్యే వేళకు బెంగళూరు వాన దిగింది. వీధి కాలవైంది. వినాయకుడి మీద టార్పాలిను కప్పి, అందరూ కుర్చీలెత్తుకుని మా బిల్డింగు కింద పార్కింగులోకి పరిగెత్తారు. బండ్లన్నీ గోడకు నెట్టేసినా పరుగులు పెట్టడానికి చోటు లేదు. పిల్లలు గోల. పెద్దవాళ్ళు వాన వైపు చూస్తూ పకోడీల గురించి మాట్లాడుకుంటున్నారు.

ఓనరమ్మ నా భుజం మీద ఒక్కటి చరిచి, "తీయప్పా నీ చార్టు!" అంది.

పెద్ద చార్టు మీద గీసిన గళ్ళను లిఫ్టు పక్క గోడకు అంటించాం. జంటలకు తలో జెరాక్సు కాపీ ఇచ్చాం. నియమం ఒకటే. జంటలో ఒకరికి తెలుగు బాగా రావాలి, ఒకరికి కన్నడం. ఆధారాలు ఓనరమ్మ చదువుతుంది. చదివాక ఆమె గానీ నేను గానీ నోరు విప్పకూడదు.

జంటలు కట్టడంలోనే సందడి మొదలైంది. అప్పటికే సగం మాటలు విని ఉన్న మా అమ్మాయిని ఎదురింటి మొక్కలావిడ లాక్కుపోయింది. గిటారు కుర్రాళ్ళు కన్నడం వచ్చినవాళ్ళ కోసం వీధంతా వెతుక్కున్నారు. ఇంతలో ఓనరుగారు మూలన కుర్చీలోంచి లేచి, చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు. ఆయనకు రెండు భాషలూ ఇంట్లోవే. అయినా తెలుగు రాయడం చదవడం రాదు కాబట్టి ఒక జోడీ కావాలి. చుట్టూ చూసి, మా ఆవిడ దగ్గరికి వచ్చాడు.

"రామ్మా, మనిద్దరం చేద్దాం. నేను తప్పులు రాయను."

నా పజిళ్ళను పిచ్చి అన్న మనిషి, చెంగు దోపుకుని వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

ఓనరమ్మ చార్టు పక్కన నిలబడి చదవడం మొదలుపెట్టింది. ముందు కన్నడం, తరవాత తెలుగు. తెలుగు చదివేటప్పుడు వేలు అక్షరాల కింద నెమ్మదిగా జరిగింది. ఒక్కచోట ఆగి, 'త' దగ్గర నా వైపు చూసి, నేను తల ఊపాక ముందుకు వెళ్ళింది. ఆ గొంతు ఎప్పటిలా ఖంగుమనలేదు. ఓనరుగారు పెన్ను పట్టుకుని తలెత్తి ఆమెనే చూస్తుండిపోయాడు. ఆమె తెలుగు అక్షరాలు నేర్చుకుంటోందని ఆయనకు తెలుసు గానీ, ఇంత దాకా వచ్చిందని తెలియదనుకుంటాను.

"అంకుల్, రాయండి అంకుల్! కల్లు! కల్లు!" అని మా ఆవిడ ఆయన మోచేతిని కుదిపింది. అంతే, ఇక వాళ్ళను పట్టలేకపోయాం. బడి, కోడి, హాలు, ఒకదాని వెంట ఒకటి నింపుకుంటూ అందరికంటే ముందుకు వెళ్ళారు. 'మాట' దగ్గర గిటారు కుర్రాళ్ళు జుట్టు పీక్కుంటుంటే మా ఆవిడ వాళ్ళను చూసి జాలిగా నవ్వింది.

అప్పుడు 'సాకు' వచ్చింది. ఓనరమ్మ కన్నడ ఆధారం చదివింది. తెలుగు ఆధారం చదివేముందు ఒకసారి గొంతు సవరించుకుంది.

"కూరగాయలకు పొమ్మంటే మా ఇంటాయన నోట్లోంచి వచ్చేది."

పార్కింగు మొత్తం గొల్లుమంది. చాలామంది పెన్నులు వెంటనే కదిలాయి. కదలనిది ఓనరుగారి పెన్ను ఒక్కటే. ఆయన నుదురు ముడుచుకుని చాలా నిజాయితీగా ఆలోచించాడు. తరవాత మొహం వికసించింది. ఒక్క కొట్టివేత లేకుండా, స్పష్టంగా రాశాడు: సరే.

మా ఆవిడ కంగారుపడింది. "అంకుల్, సరే కాదేమో. సాకు అంకుల్."

"సాకా? నేనెందుకు సాకు చెప్తానమ్మా? పొమ్మంటే సరే అనే అంటాను."

"రెండో అక్షరం 'కు' రావాలంకుల్! కింద కుడి ఉంది కదా!"

"అయితే ఆ కుడి తప్పు."

"మరి కన్నడం ఆధారం? భోజనంలో చాలు అనడానికి సరే అంటారా ఎవరైనా?"

"నేనంటాను."

చుట్టుపక్కల వాళ్ళు తమ గళ్ళు మానేసి వీళ్ళను చూస్తున్నారు. ఓనరుగారికి ఇక తీర్పు కావాల్సి వచ్చింది. భార్య వైపు తిరిగాడు.

"ఏమే, నువ్వే చెప్పు. నేను సాకులు చెప్తానా?"

ఓనరమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్ళల్లోంచి నీళ్ళు. ఆమె జవాబు తెలిసి కూడా నోరు మూసుకోవడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు.

"చెప్పవే!"

వేళ్ళ సందులోంచి మాట బయటికొచ్చింది. "చెప్పను. రూల్సు ఉండాయి."

"ఇన్నేళ్ళూ అడక్కుండానే చెప్పినావు. ఇప్పుడు అడిగితే చెప్పవా?"

ఆ మాటతో ఆమె నవ్వు కట్టలు తెంచుకుంది. చార్టు పక్కనే కుర్చీలో కూలబడింది. ఆయనకు కూడా నవ్వొచ్చిందిగానీ, పెదవి కింద తొక్కిపెట్టి, పెన్ను మూత బిగించి, "నా జవాబు సరే. అంతే" అన్నాడు.

ఈలోపు మా అమ్మాయీ ఎదురింటావిడా గడి పూర్తి చేసి చేతులు పైకెత్తారు. మా అమ్మాయి సగం కన్నడంలో, సగం తెలుగులో రాసింది. ఏ లిపి అయినా ఒప్పుకుంటామని ముందే చెప్పాం కాబట్టి వాళ్ళే గెలిచారు. బహుమతిగా ప్రెషర్ కుక్కర్ వచ్చింది. కుర్చీలాటలో గెలిచేవాళ్ళ కోసం తెచ్చింది. ఎదురింటావిడ దాన్ని మా అమ్మాయి చేతిలో పెట్టి, తన వంతుగా మా కుండీల్లోంచి కరివేపాకు మొక్క అడిగి తీసుకుంది.

వాన తగ్గాక అందరూ ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళారు. మా ఆవిడ మాత్రం ఇంట్లోకి వచ్చాక కూడా శాంతించలేదు. "ఒక్క మాట! ఒక్క మాట దగ్గర పోయింది! ఆయన పెన్నుతో రాశారండీ, చెరపడానికి కూడా లేదు!" అంటూ ఆ జెరాక్సు కాపీ ముందు పెట్టుకుని భోజనం చేసింది. ఆ రోజు సీరీసు పెట్టలేదు.

ఆ తరవాత మూడు నాలుగు రోజులు ఓనరుగారు నాకు కనబడలేదు. పొద్దున వరండాలో కుర్చీ ఖాళీగా ఉండేది. నలుగురిలో నవ్వులపాలయ్యాడని నొచ్చుకున్నాడేమోనని నాకు గుబులు పట్టుకుంది. ఓనరమ్మను అడిగితే ఆమె మొహంలో కూడా కొంచెం చింత కనబడింది.

"ఏమో అప్పా. లోపల టేబులు దగ్గర కూర్చుని ఏందో గీకతా ఉండాడు. నేను పోతే చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఎక్కువ చేసినానేమో."

ఆదివారం వచ్చింది. నేను మెట్ల మీదికి వెళ్ళేసరికి ఓనరమ్మ కాఫీ గ్లాసులతో ఉంది. మా ఆవిడ కూడా, పేపరు చూసి ఇచ్చేస్తానని చెప్పి, వచ్చి పై మెట్టు మీద కూర్చుంది. ఇంతలో కింద తలుపు తెరుచుకుంది. ఓనరుగారు స్నానం చేసి, విభూతి పెట్టుకుని, చేతిలో మడిచిన కాగితంతో మెట్లెక్కి వచ్చాడు. భార్య ముందు నిలబడి కాగితం చాచాడు.

స్కేలుతో గీసిన గడి. సొంతంగా చేసింది. మా గడి కంటే పెద్దది, పొందిగ్గా ఉంది. ఆధారాలన్నీ రెండేసి. తెలుగు ఆధారాలు కూడా కన్నడ లిపిలోనే రాసుకున్నాడు.

"చెయ్యి చూద్దాం" అన్నాడు.

ఆమె కాగితం తీసుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, మొదటి అడ్డం ఆధారాలు పైకి చదివింది. "మంత్రగాడు చేసేది." ఆ వెంటనే రెండోది. "మా ఇంటామె దగ్గర ఎప్పటికీ అయిపోనిది. రెండక్షరాలు."

మా ఆవిడ పై మెట్టు నుంచి కాగితం మీదికి వంగింది.

"మాట!" అని అరిచింది ఓనరమ్మ. పై వాటాలో గిటారు ఆగిపోయింది. "మాట అని రాసినావా? అంటే నేను మాటగాతినా?"

మాటగాతి అంటే కన్నడంలో చేతబడి చేసేది. మా ఆవిడ గోడకు తల ఆనించి పడి పడి నవ్వుతోంది.

"అది నీ ఇష్టం. తెలుగు అర్థం తీసుకుంటావో, కన్నడం అర్థం తీసుకుంటావో" అన్నాడు ఆయన. అని, వెళ్ళిపోతాడనుకుంటే, ధోవతి కాస్త పైకి లాక్కుని ఆమె పక్కన మెట్టు మీదే కూర్చున్నాడు. ఆయనకు చోటిస్తూ ఆమె తాళాల గుత్తి జరిపింది.

"ఇది ఒకటే చెప్పినావు. తరవాతది ఆలోచించి చెప్పు, అరవొద్దు" అన్నాడు.

"అరిస్తే ఏమవుతుంది? లోపలికి పోతావా?"

"పోను."

ఆమె రెండో ఆధారం చదివింది. పెదవులు కదిలాయి. జవాబు తెలిసిపోయిందని మాకందరికీ అర్థమైంది. ఆయన వైపు ఓరగా చూసి, నా చెవి మీది పెన్సిల్ లాక్కుని, ఈసారి ఏమీ అనకుండా గళ్ళల్లో తెలుగు అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. ఆయన మెడ చాచి చూస్తున్నాడు.

"తలకట్టు లేదు" అన్నాను నేను.

"నీ పేపరు నువ్వు చూసుకోప్పా" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

నా పేపరు కోసం వెతికాను. అది మా ఆవిడ ఒళ్ళో ఉంది. అప్పటికే అడ్డం మాటలు సగం నింపేసింది, అదీ పెన్నుతో.